ఇంట నిర్మించుకొను వాల్వు ఆంప్లిఫయరు

పెండ్లియైనను, అమ్మవారి తిరునాళ్లయైనను మైకు సెట్టు మ్రోగనిదే మన వ్యాసర్పాడి వీధులకు పండుగ వచ్చినట్లు తోచదు. ఆ సెట్టులోని ఆంప్లిఫయరు నేడు చిన్న చిప్పులో ఇమిడిపోయినది. అందేమి జరుగుచున్నదో కంటికి కానరాదు. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయరు అట్టిది కాదు. దాని ప్రతి భాగమును చూడవచ్చును, ప్రతి చోటను మీటరుతో కొలువవచ్చును. కావుననే విద్యుచ్ఛాస్త్రము నేర్చుకొను పిల్లలకు అది నేటికిని మంచి గురువు.

అయితే పై తరగతుల పిల్లలు దీనిని ఇంట చేయుదుమనినప్పుడు తలిదండ్రులు జంకుదురు. ఆ జంకు న్యాయమైనదే. ఇందులో 250 వోల్టులకు మించిన విద్యుత్తుండును. అది ప్రాణము తీయగలదు. మేము చెప్పదలచినది ఒక్కటే: ముందు కాగితముపై లెక్క, పిదప వరుస తప్పని పరీక్ష, ఎల్లప్పుడును పెద్దల సమక్షము. ఈ మూడును లేనిచో పని ఆరంభింపనీయరాదు.

చెన్నపట్టణమునకు ఈ విద్య క్రొత్త కాదు. 1904లో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును కనుగొనెను. 1906లో డి ఫారెస్టు అందులో గ్రిడ్డు అను మూడవదానిని చేర్చెను. 1924లో సి. వి. కృష్ణస్వామి సెట్టిగారు మున్నగువారు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ సంవత్సరము జూలై 31వ తేదీన ప్రసారములు మొదలిడిరి. 1927లో ధనాభావముచే క్లబ్బు మూతపడగా, 1930లో నగర కార్పొరేషను ఆ పనిని చేపట్టెను. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసినది 1938లో. అనగా ప్రభుత్వముకన్న ముందే ఔత్సాహికులు ఇచ్చట వాల్వులను పలికించిరి.

వాల్వు పనిచేయు తీరు చెఱువు తూమును పోలినది. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కాథోడు వేడెక్కి ఎలక్ట్రానులను వెడలించును. ధనవిద్యుత్తుగల ప్లేటు వానిని ఆకర్షించును. నడుమనున్న గ్రిడ్డు తూము తలుపు వంటిది. తలుపు కొంచెము కదలిన నీటి ఉరవడి ఎంతో మారును గదా! అట్లే గ్రిడ్డుపై స్వల్పమైన వోల్టేజి మార్పు ప్లేటు కరెంటులో పెద్ద మార్పు కలిగించును. బలము విద్యుత్సరఫరాది, దానిని నడిపించునది మాత్రము మన పాట.

మా పథకమున రెండు వాల్వులు చాలును: ముందు ఇ.సి.సి. 83లో సగము, వెనుక ఇ.ఎల్. 84. ఇ.ఎల్. 84 ప్లేటునకు 250 వోల్టులు, గ్రిడ్డునకు కాథోడుకన్న 7.3 వోల్టులు తక్కువ ఉండవలెను. అప్పుడు ప్లేటులో 48, స్క్రీనులో 5.5, మొత్తము 53.5 మిల్లీ ఆంపియర్లు కాథోడు గుండా పాఱును. 7.3ను 0.0535చే భాగించిన సుమారు 136. కనుక కాథోడు రెసిస్టరు 135 ఓములు. 250ని 0.048చే గుణించిన 12 వాట్లు. ఆ ప్లేటు ఓర్చుకొనగల వేడిమి సరిగా అంతే. కావున సరఫరా పెంచి ధ్వని పెంచుదమను ఆశ కూడదు. ఈ స్థితిలో లభించు గరిష్ఠ ధ్వనిశక్తి 5.7 వాట్లు; ఇంటి గదికి అది చాల ఎక్కువ.

అందులకు ఇ.ఎల్. 84 గ్రిడ్డుకు 4.3 వోల్టుల సంకేతము కావలెను. మొదటి వాల్వు సుమారు 50 రెట్లు పెంచును గనుక, లోనికి వోల్టులో పదవ వంతుకన్న తక్కువే చాలును. వాల్వు కోరునది 5200 ఓముల భారము. లౌడు స్పీకరు 8 ఓములది. వీనిని పొసగించునది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. దాని చుట్ల నిష్పత్తి సుమారు 25కు 1. రెసిస్టర్లు, కండెన్సర్లు రిచీ వీధిలో దొరకును. ట్రాన్స్‌ఫార్మర్లను మాత్రము తెలిసినవారిచే చుట్టించుట మేలు. ఇంటి 230 వోల్టుల లైనును ట్రాన్స్‌ఫార్మరు లేక నేరుగా వాడరాదు.

స్విచ్చి ఆపినంత మాత్రమున అపాయము తొలగదు. సరఫరాలోని కండెన్సర్లు విద్యుత్తును దాచుకొనియుండును. 47 మైక్రోఫారడులవి రెండున్నచో, వానికి అడ్డముగా లక్ష ఓముల, 2 వాట్ల రెసిస్టరు వేయవలెను. అప్పుడు సుమారు 47 సెకండ్లలో 280 వోల్టులు 2 వోల్టులకు దిగును. అయినను మీటరుతో చూచిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ఛాసిస్సు భూమికి కలిపియుండవలెను, ఫ్యూజు తప్పనిసరి. విద్యుత్తు ఉన్నప్పుడు కొలుచునెడల ఒక చేయి వెనుకకు పెట్టుకొనుట మంచిది. ఆ విధముగా షాకు గుండె మీదుగా పోవు అవకాశము తగ్గును.

పరీక్షకు వరుస ఉన్నది. మొదట, లైను కలుపకయే, ఛాసిస్సునకును భూమి పిన్నుకును కలయిక కొలువవలెను. రెండవది, వాల్వులు పెట్టక, లైనులో 60 వాట్ల తంతువు బల్బును వరుసగా చేర్చి స్విచ్చి వేయవలెను. బల్బు కాంతితో నిలిచి వెలిగిన ఎచ్చటనో షార్టు ఉన్నట్లు. మూడవది, స్పీకరునకు బదులు 8 ఓముల, 10 వాట్ల రెసిస్టరును కట్టి వాల్వులు పెట్టవలెను. భారము లేక ఎన్నడును నడుపరాదు. ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషను చెడవచ్చును. నాల్గవది, కాథోడు వోల్టేజి. 7.3కు దగ్గరనున్న మేలు. 10 చూపెనా, 74 మిల్లీ ఆంపియర్లు పాఱుచున్నవి. ప్లేటు ఎఱ్ఱబారకముందే ఆపి, రెండు వాల్వుల నడిమి కండెన్సరు కారుచున్నదేమో చూడవలెను. ఐదవది, సెకండుకు 1000 కంపనముల స్వరము. 8 ఓములపై 4 వోల్టులు వచ్చిన, 4ను 4చే గుణించి 8చే భాగించగా, శక్తి 2 వాట్లు. తుదకు స్పీకరు, పాట.

ఈ అంకెలన్నిటిని పిల్లలు ఒక పుస్తకమున తెలుగులో వ్రాసి, ఇంటివారికి చదివి వినిపించిన బాగుండును. లెక్కలో వచ్చిన అంకె యొకటి, మీటరు చూపినది మఱియొకటి అయినపుడు కారణము వెదకుటయే అసలు విద్య. తలిదండ్రులకు రేడియో శాస్త్రము రాకపోయినను కొఱత లేదు. ప్రతి మెట్టున ప్రక్కన నిలిచి, “ఎంత ఉండవలెను? ఎంత ఉన్నది?” అని అడిగిన చాలును. ఆ ప్రశ్నలకు సమాధానము వచ్చువఱకు తరువాతి స్విచ్చి వేయనీయకుండుటయే వారు చేయవలసిన పని.