డెవలప్‌మెంట్ స్టడీస్: మన ఊరి ప్రశ్నలకు ఒక చదువు

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల మాల, మాదిగ గేరీల్లో డిగ్రీ చదువుతున్న పిల్లల్ని తర్వాత ఏం చేస్తారని అడిగితే వినిపించే జవాబులు నాలుగే: బీఈడీ చేసి డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు. బ్యాంకు కోచింగ్‌కు నంద్యాల పెట్టింది పేరు కాబట్టి దూరం పోయే పని కూడా లేదు. ఇవి మంచి దారులే. ఇంట్లో మొదటి జీతం తేవాల్సిన మనిషి మీద ఎంత బరువు ఉంటుందో మాకు తెలుసు. అయితే ఈ జాబితాలో ఎప్పుడూ కనిపించని సబ్జెక్టు ఒకటుంది. దాని పేరు డెవలప్‌మెంట్ స్టడీస్, తెలుగులో అభివృద్ధి అధ్యయనాలు. అదేమిటో, మన పిల్లలు దాని వైపు ఎందుకు చూడాలో, చేరే ముందు ఏం జాగ్రత్త పడాలో ఇక్కడ చెబుతాం.

ఏం నేర్పుతారు?

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వలస పాలన నుంచి బయటపడిన దేశాలు పేదరికం నుంచి ఎలా గట్టెక్కాలి అన్న ప్రశ్న మీద ఈ చదువు పెరిగింది. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో 1952లో, ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో 1966లో దీనికోసమే సంస్థలు పెట్టారు. మనకు దగ్గర్లో, మద్రాసులో, మాల్కం ఆదిశేషయ్య 1971లో ఒకటి స్థాపించారు. ఎకనామిక్స్, పాలిటిక్స్, సోషియాలజీ, చరిత్ర, గణాంకాలు కలిపి చెబుతారు. ఊళ్లోకి వెళ్లి సర్వే చేయడం, బడ్జెట్ చదవడం, ఒక పథకం ఎవరి దాకా చేరిందో లెక్కగట్టడం నేర్పుతారు. మొత్తం కలిపి చూస్తే మూడు ప్రశ్నలు: అభివృద్ధి వల్ల ఎవరికి లాభం వచ్చింది? దాని ఖరీదు ఎవరు కట్టారు? నిర్ణయం ఎవరు తీసుకున్నారు?

ఈ పేరు పుట్టకముందే బాబాసాహెబ్ ఈ పని చేశారు. భూమి ముక్కలైపోవడమే రైతు పేదరికానికి మూలమని పెద్దపెద్దవాళ్లు అంటున్న రోజుల్లో, 1918లో, ఆయన చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదవడం కాదు, భూమి మీద ఆధారపడ్డ జనం ఎక్కువై పెట్టుబడి, పనిముట్లు చాలకపోవడం అసలు జబ్బు అన్నారు. దానికి మందు పరిశ్రమలు అన్నారు. వ్యవసాయంలో మిగిలిపోయిన శ్రమ గురించి ఆర్థర్ లూయిస్ రాసిన ప్రసిద్ధ వ్యాసం వచ్చింది 1954లో. అంటే 36 ఏళ్ల తర్వాత.

సిలబస్ మన నేల మీదే ఉంది

శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. 1981లో ఆ డ్యామ్ నింపడానికి నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. దాదాపు లక్ష మంది నిర్వాసితులయ్యారు. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాని ప్రకారం భూమి పోయినవాడికి పరిహారం. ఆ భూమిలో తరతరాలుగా కూలి చేసినవాడికి పోయిన పని ఏ లెక్కలోకీ రాలేదు. 1986లో వచ్చిన 98 నంబరు జీవో కుటుంబానికో ఉద్యోగం అంది. ఆ ఉద్యోగాల కోసం నిర్వాసితులు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నారు. 2013 భూసేకరణ చట్టంలో గానీ వ్యవసాయ కూలీ, కౌలుదారు బాధిత కుటుంబాల లెక్కలోకి రాలేదు. నష్టపోయినవాడంటే ఎవడు అన్న ఒక్క నిర్వచనం మారడానికి ఇంతకాలం పట్టింది. ఈ సబ్జెక్టులో చదివేది సరిగ్గా ఇలాంటి నిర్వచనాల గురించే.

కె.సి. కాలువ సంగతి చూడండి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ దీన్ని సాగుకూ, పడవల రాకపోకలకూ తవ్వించింది. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లో వరి పండేది ఈ నీళ్లతోనే. ఆ వరి నాటేవాళ్లలో, కోసేవాళ్లలో మన ఆడవాళ్లు ఎంతమంది? ఆ ఆయకట్టు పాస్‌బుక్కుల్లో మన పేర్లు ఎన్ని? ఒక ఎంఏ విద్యార్థి ఒక్క మండలం తీసుకుని ఈ లెక్క తీసినా అది మనకు పనికొచ్చే పరిశోధన అవుతుంది.

ఇంకొకటి. 1991లో కొత్త ఆర్థిక విధానం తెచ్చిన ప్రధాని పీవీ నరసింహారావు అదే ఏడాది ఉప ఎన్నికలో ఐదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచి లోక్‌సభకు వెళ్లింది నంద్యాల నుంచే. ఆ విధానంతో ప్రైవేటు రంగం పెరిగింది. ప్రైవేటు ఉద్యోగాల్లో మనకు రిజర్వేషన్ లేదు. ఆ ఓటు వేసిన ఊళ్లలో ఈ మార్పు ఎవరిని ఎక్కడ నిలబెట్టిందో మన వైపు నుంచి రాయాల్సి ఉంది.

ఎస్సీ సబ్‌ప్లాన్ మరో ఉదాహరణ. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం జనాభా నిష్పత్తిలో ఎస్సీలకు నిధులు కేటాయించాలి. చట్టం గడువు పదేళ్లు. 2023 జనవరిలో ఆర్డినెన్స్‌తో మరో పదేళ్లు పొడిగించారు. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు 17 శాతం. అందరికీ ఇచ్చే పథకంలో మన వాటాను కూడా సబ్‌ప్లాన్ ఖర్చు కింద చూపితే అది మనకు అదనంగా వచ్చినట్టా, రానట్టా? బడ్జెట్ పుస్తకం తెరిచి పద్దు పద్దునా చదవగలిగినవాళ్లే దీనికి జవాబు చెప్పగలరు. ధర్నా చేసేవాళ్లు మనకు ఉన్నారు. పద్దులు చదివేవాళ్లు తక్కువ.

ఎక్కడ, ఎంత ఖర్చు, తర్వాత ఏంటి?

మన దగ్గర డిగ్రీలో ఈ పేరుతో మేజర్ దొరకడం అరుదు. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, హిస్టరీల్లో ఏదో ఒకటి మేజర్‌గా తీసుకుని పీజీలో ఇటు రావచ్చు. హైదరాబాద్, మద్రాస్, గువాహటి ఐఐటీల్లో, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, ఢిల్లీ అంబేడ్కర్ యూనివర్సిటీలో, బెంగళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఈ కోర్సో, దీనికి దగ్గరి కోర్సో ఉంది. ఐఐటీల్లాంటి కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం సీట్లు చట్టప్రకారం ఉంటాయి. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఆ హామీ లేదు. కుటుంబ ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఇచ్చేవి ఉన్నాయి.

ఫీజు దగ్గరే చాలామంది ఆగిపోతారు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి. కాగితం మీద హక్కు ఉన్నా, ముందు మీరు కట్టండి, తర్వాత వస్తుంది అంటే కూలి ఇంట్లో డబ్బు ఎక్కడిది? 2018 ఫిబ్రవరిలో టాటా ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు తరగతులు బహిష్కరించింది ఈ ఫీజు మినహాయింపు కోసమే. మన రాష్ట్రంలో 2020 చివర్లో 77 నంబరు జీవో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. విదేశీ చదువుకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో కొత్త నిబంధన పెట్టారు: భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద అధ్యయనాలకు డబ్బు ఇవ్వరు. 1916లో కొలంబియాలో కులం మీద పత్రం చదివిన అంబేడ్కర్‌కు ఈ నిబంధన కింద స్కాలర్‌షిప్ వచ్చేదా?

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్పాలి. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టులు ఎకనామిక్స్, సివిక్స్, హిస్టరీ లాంటి పేర్లతోనే పడతాయి. లెక్చరర్ కావడమే లక్ష్యమైతే ఎంఏ ఎకనామిక్స్ భద్రం. పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాల ప్రాజెక్టులు, జర్నలిజం వైపు వెళ్లేవాళ్లకు ఈ చదువు నేరుగా పనికొస్తుంది. ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. గ్రూప్స్, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి ఆ తలుపు మూసుకుపోదు. తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లీషు చదువు కష్టంగానే ఉంటుంది. రోజుకో వ్యాసం చదివి సొంత మాటల్లో ఒక పేజీ రాసే అలవాటు డిగ్రీ రెండో ఏడాదిలోనే మొదలుపెడితే ఆ కష్టం సగం తగ్గుతుంది.

ఫైనలియర్ మొదలవగానే కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర ఫార్మాట్‌లో, ఆదాయ పత్రం తాజా తేదీతో తీసిపెట్టుకోండి. ఒక్కో సంస్థకు ప్రవేశ పరీక్ష వేరు, నోటిఫికేషన్ నెల వేరు. సీటు వచ్చాక రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: అడ్మిషన్ రోజు ఎంత కట్టాలి, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే హాస్టల్‌లో ఉండనిస్తారా? ఆ సంస్థలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉందో లేదో కనుక్కోండి. అక్కడ చదువుతున్న మన సీనియర్ ఒక్కరి నంబరైనా సంపాదించండి. ఇన్నాళ్లూ సర్వే ఫారాలు పట్టుకుని మన గేరీకి బయటివాళ్లే వచ్చారు. ఆ ఫారంలో ఏ ప్రశ్న ఉండాలో నిర్ణయించే చోట ఆళ్లగడ్డ అమ్మాయి, నంద్యాల అబ్బాయి కూడా కూర్చోవాలని మేం కోరుకుంటున్నాం.