నీటిని దులిపితే మంచు పోతుందా?

1998 జనవరిలో కెనడాలోని క్విబెక్, ఆంటారియో ప్రాంతాల్లో రోజుల తరబడి గడ్డకట్టే వాన కురిసింది. చినుకు పడినచోటే మంచై పేరుకుంది. ఆ బరువుకు ఉక్కు విద్యుత్ టవర్లు వందల్లో కూలాయి, లక్షల ఇళ్లు చీకటైపోయాయి. విమానానికైతే అంత బరువు కూడా అక్కర్లేదు, రెక్క మీద పలుచటి గరుకు పొర చాలు. 1982లో వాషింగ్టన్‌లో ఒక విమానం ఎగిరిన కాసేపటికే పొటోమాక్ నదిలో కూలడానికి మంచు ఒక ప్రధాన కారణం.

మంచు అంటని పూత కోసం శాస్త్రవేత్తలు ముందు తామరాకును ఆశ్రయించారు. దానిపై నీటిబొట్టు నిలవదన్నది మనకు కొత్త కాదు. ఎందుకు నిలవదో 1997లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్త్‌లాట్, సహచరుడు నైన్‌హుయిస్‌తో కలిసి వివరించాడు. ఆకు నిండా మైనం పూసిన సూక్ష్మమైన బుడిపెలు. వాటి సందుల్లో గాలి చిక్కుకుంటుంది. బొట్టు ఆ గాలి మీదే కూర్చుని, ఆకు కాస్త వంగితే దొర్లిపోతుంది.

నీళ్లే నిలవకపోతే మంచెక్కడిది? వాదన బాగానే ఉంది, తేమగాలి మాత్రం ఒప్పుకోలేదు. ఆవిరి బుడిపెల సందుల్లోకి దూరి అక్కడే గడ్డకట్టింది. బొట్టును తప్పించాల్సిన గరుకుతనమే మంచుకు పట్టు ఇచ్చింది. పైగా ఆ బుడిపెలు నాలుగుసార్లు రాపిడి తగిలితే అరిగిపోయే రకం.

2011లో హార్వర్డ్‌లో జొవానా ఐజెన్‌బర్గ్ బృందం తామరను వదిలి, కీటకాలను జార్చి మింగే నెపెంథిస్ మొక్కను పట్టుకుంది. సన్నని రంధ్రాల్లో నూనెలాంటి ద్రవం నింపి నున్నటి ఉపరితలం చేసింది. మంచు జారింది, నిజమే. కానీ వాడేకొద్దీ ద్రవమూ తరిగిపోతుంది.

నా దృష్టిలో అసలు మలుపు 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అనీష్ తుతేజా బృందానిది. నీటిని తరమడం కన్నా మంచును తేలిగ్గా ఊడదీయడమే ముఖ్యమని వాళ్లు మెత్తటి రబ్బరు పూతలు చేశారు. ఫ్రిజ్‌లోని ప్లాస్టిక్ ట్రేని మెలిపెడితే ఐసు ముక్కలు ఊడొస్తాయి కదా, ఇదీ అలాంటిదే: రబ్బరు సాగుతుంది, మంచు సాగలేదు. రబ్బరులోని అణుగొలుసులు మంచు కింద జారేలా కూడా ఏర్పాటు చేశారు. మంచు పట్టు 20 కిలోపాస్కల్స్ లోపుంటే గాలికో, సొంత బరువుకో రాలిపోతుందని అంచనా. వీళ్ల పూతల్లో కొన్ని 0.2 కన్నా కిందికి దిగాయి. రాపిడికీ, నెలల తరబడి మిషిగన్ చలికీ తట్టుకున్నాయి.

అయినా విమానాశ్రయాలు పాత పద్ధతి వదల్లేదు. చలికాలంలో షికాగోలోనో టొరంటోలోనో విమానమెక్కిన మనవాళ్లు కిటికీలోంచి చూసే ఉంటారు: ఎగిరేముందు రెక్కల మీద ఇప్పటికీ వేడి గ్లైకాల్ ద్రవమే చల్లుతున్నారు.