సహాయ దర్శకుడు

చలనచిత్రమును నిర్దేశించువాడు దర్శకుడు. నటులను, జనసమూహమును వేళకు సిద్ధపరచువాడు ప్రథమ సహాయ దర్శకుడు. ఆంగ్లదేశీయుడగు డేవిడ్ టాంబ్లిన్ (1930–2005) ఈ వృత్తియందు ప్రసిద్ధుడు. 1967లో ప్రసారమారంభమైన ‘ది ప్రిజనర్’ అను టెలివిజన్ కథామాలికకు నిర్మాతయు నితడే.

రిచర్డ్ అటెన్‌బరో గారి ‘గాంధీ’ చిత్రమునకు ఇతడే ప్రథమ సహాయ దర్శకుడు. మహాత్ముని అంతిమయాత్రను 1981 జనవరి 31న ఢిల్లీలో చిత్రీకరించిరి. 1948లో ఆ యాత్ర జరిగిన తేదీయు నదియే. సుమారు 3 లక్షల జనులు కూడిరి. 11 కెమెరాలు పనిచేసెను. అంతటి సమూహమును మరునాడు మరల కూర్చుట సాధ్యము కాదు. కావున ఎవరెచ్చట నిలువవలెనో, ఊరేగింపు ఎప్పుడు కదలవలెనో ముందే ఏర్పరుపవలసి యుండెను.

తెరపై ఆ దృశ్యము కొలది నిమిషములలో ముగియును. అందలి క్రమమును చూతుము గాని, దానిని కూర్చినవానిని చూడము. మన వార్షికోత్సవ నాటకమున తెర లాగు బాలుని పనియు నిట్టిదే.