ఏడాదికో యాత్ర.. ఏడాదంతా నడక

అలిపిరి మెట్లదారిలో ఒక మేలుంది. ఆ 3,550 మెట్లు ఎక్కేది ఒంట్లో సత్తువ నిండుగా ఉన్నప్పుడే. మధ్యలో ఆయాసం వస్తే కూర్చోవచ్చు. మరీ కాదనుకుంటే వెనక్కి దిగిపోవచ్చు. దిగేటప్పుడు గుండెకీ ఊపిరికీ అంత శ్రమ ఉండదు. అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ నేషనల్ పార్కులో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ కారు దిగిన చోటే కొండ కొస. నడక దిగడంతో మొదలవుతుంది. హాయిగా ఓ గంట దిగి వెనక్కి తిరిగితే అప్పుడు మొదలవుతుంది అసలు కొండ. అలసిన కాళ్లతో, సగం ఖాళీ అయిన నీళ్ల సీసాతో, నెత్తిన ఎండతో ఎక్కాలి.

వేసవిలో ఈ దారుల్లో మనవాళ్లూ కనిపిస్తుంటారు. పిల్లల బడి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే రోజులు కలిసొచ్చేది అప్పుడే కదా! ఏటా కారేసుకుని ఒక పార్కు చూసి రావడం అక్కడి చాలా తెలుగు కుటుంబాలకు అలవాటు. మంచి అలవాటే. కాకపోతే వ్యూపాయింటు దగ్గర దిగి, ఫొటోలు తీసుకుని, మళ్లీ కారెక్కితే ఒంటికి దక్కేది తక్కువ. యాత్రలో ఒక్క నడకనైనా కొలతగా పెట్టుకోండి. పార్కు ఏదైనా సరే ఎంత దూరం నడిచారు, ఎంత ఎత్తు ఎక్కారు, ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆయాసం వచ్చింది, ఏ మోకాలు ముందు నొప్పెట్టింది? నాలుగు ముక్కలు రాసుకోండి. మరుసటి ఏడాది పక్కన పెట్టి చూస్తే మీ ఒంటి సంగతి మీకే తెలుస్తుంది. ముందురోజు రాత్రి చదివి గట్టెక్కే పరీక్ష కాదిది.

పైన బెంగళూరు, కింద రామగుండం

గ్రాండ్ కేన్యన్‌లో ఎక్కువమంది వెళ్లే దక్షిణపు అంచు సముద్రమట్టానికి దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి బ్రైట్ ఏంజెల్ అనే కాలిబాట లోయలోకి దిగుతుంది. మొదటి మజిలీ మైలున్నర దూరంలో, అంటే సుమారు 2.4 కిలోమీటర్లు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆ కాస్త దూరంలోనే దాదాపు 340 మీటర్లు కిందికి దిగుతారు. అంతస్తుకి మూడు మీటర్ల చొప్పున లెక్కేసుకుంటే 110 అంతస్తుల పైమాటే. అయిదంతస్తుల అపార్టుమెంటుని 22 సార్లు దిగి, మళ్లీ 22 సార్లు ఎక్కడమన్నమాట. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి కేటాయించుకోవాలని పార్కు సిబ్బంది చెబుతారు. నది దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావాలని అనుకోవద్దని గట్టిగా హెచ్చరిస్తారు కూడా.

దిగేకొద్దీ వేడి పెరగడం ఇంకో చిక్కు. జులైలో అంచు మీద పగటి ఉష్ణోగ్రత సగటున 29 డిగ్రీల సెల్సియస్ ఉంటే, అడుగున నది దగ్గర 41 దాకా ఉంటుంది. పైన చల్లగాలికి మోసపోయి సీసాడు నీళ్లతో దిగినవాళ్లు కాసేపటికే మే నెల రామగుండంలో ఉంటారు. వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు మధ్య లోపలి దారుల్లో నడవొద్దని చెప్పేది అందుకే.

కోస్తాలో పుట్టి పెరిగినవారు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. విజయవాడలోనో కాకినాడలోనో చెమట పడితే చొక్కా తడిసిపోతుంది, నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. ఎడారి గాలిలో చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీరు మాత్రం తగ్గుతూనే ఉంటుంది. అలాగని లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లే తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. చూసేవాళ్లు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు! నీళ్లతో పాటు ఉప్పూ లోపలికి పోవాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఉప్పు పల్లీలు, ఇంట్లో చేసిన జంతికలు ఈ పనికి బాగా పనికొస్తాయి. ఈ ఒక్కచోట జంతికలు తినమని నిస్సంకోచంగా చెప్పగలను. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవారు మాత్రం ముందుగా తమ డాక్టరుని అడగాలి.

సిద్ధమయ్యేది ఇంటి మెట్ల మీదే

ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తే, దిగడం తొడలనీ మోకాళ్లనీ పరీక్షిస్తుంది. దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బరువుని ఆపాలి. అలవాటు లేని కండరంలో దీనివల్ల సన్నటి చిరుగులు ఏర్పడతాయి. ఒకటి రెండు రోజుల తర్వాత కుర్చీలోంచి లేవలేకపోవడం, మెట్లు దిగుతుంటే ‘అమ్మా’ అనడం ఇందువల్లే. రోజూ పార్కులో చదునైన దారిలో గంట నడిచేవారికీ ఇది తప్పదు, ఎందుకంటే వాళ్లు దిగడం సాధన చేయలేదు.

యాత్రకి మూడు నెలల ముందు నుంచీ వారానికి మూడు రోజులు మెట్లెక్కండి. లిఫ్టులో దిగిపోకుండా మెట్ల మీదే నెమ్మదిగా దిగండి. మొదటివారం రెండుమూడు విడతలు చాలు. నెలరోజులయ్యాక వీపున సంచీలో నీళ్ల సీసాలు పెట్టుకోండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజుకి రెండు విడతలు చేయండి. మోకాళ్ల నొప్పులుంటే చేతికర్రలు తీసుకెళ్లండి, దిగేటప్పుడు కొంత భారం భుజాలు పంచుకుంటాయి. కొత్త బూట్లు పెట్టెలోంచి తీసి నేరుగా కొండ మీద వేసుకోవద్దు.

దక్షిణాసియా వారికి మధుమేహం చిన్న వయసులోనే, అంత లావు లేకపోయినా వస్తుందన్నది తెలిసిన విషయమే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నలభై ఏళ్ల మనిషికి ‘వ్యాయామం చేయి’ అని డాక్టరు చెబితే రెండు వారాలు చేస్తాడు. జూన్‌లో 110 అంతస్తులు ఎక్కాలని తెలిస్తే మార్చి నుంచీ చేస్తాడు. యాత్ర వల్ల ఒరిగే ఆరోగ్యంలో ఎక్కువ భాగం బయల్దేరక ముందే వచ్చేస్తుందని నేననేది ఇందుకే.

కారులో మరచిపోయేవి

రోజుకి ఏడెనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, గడ్డకట్టే ముప్పూ ఉంటుంది. రెండు గంటలకోసారి ఆపి అయిదు నిమిషాలు నడవండి. ఇన్సులిన్‌ని ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు, వేడికి పాడైపోతుంది. చల్లగా ఉంచే సంచీలో మీతోనే తీసుకెళ్లండి, ఐసు మాత్రం నేరుగా తగలకూడదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు మామూలు రోజు మోతాదుతోనే కొండెక్కితే షుగర్ పడిపోవచ్చు. మోతాదు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడండి. గ్లూకోజ్ జేబులోనే ఉండాలి, ఎందుకంటే లోయలో ఫోన్‌కి సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. కొలరాడోలోని రాకీ మౌంటెన్ పార్కులో అయితే కారు రోడ్డే 3,700 మీటర్ల ఎత్తు దాటుతుంది. అక్కడ తలనొప్పి, వికారం వస్తే ‘ప్రయాణం బడలిక’ అని సరిపెట్టుకోకుండా కిందికి దిగిపోవాలి.

ఇవన్నీ అమెరికా సంగతులే అనుకోనక్కర్లేదు. కర్ణాటకలోని కుద్రేముఖ్ నేషనల్ పార్కు కారులో వెళ్లి రాగల దూరమే. 1,894 మీటర్ల ఆ శిఖరానికి అటవీశాఖ అనుమతితో రోజుకి పరిమితంగానే పంపిస్తారు. ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు జూన్ నుంచి అక్టోబరు దాకా వెళ్లొచ్చు. పైన చెప్పిన మెట్ల సాధన రెండిటికీ సరిపోతుంది.

ఎవరు ‘చాలు’ అన్నా...

నడక మనసుకి చేసే మేలు ఊహ మాత్రమే కాదు. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2015లో కొందరిని గంటన్నర చెట్ల మధ్య, మరికొందరిని రద్దీ రోడ్డు పక్కన నడిపించారు. చెట్ల మధ్య నడిచినవారిలో, జరిగిపోయినదాన్నే పదేపదే తలచుకుని బాధపడటం తగ్గిందని తేలింది. కొండదారి ఇంకో గుణం కూడా నేర్పుతుంది, అది వెనక్కి తిరగడం. ‘ఇంత దూరం వచ్చాం, ఇంకో అరగంటే’ అనేమాట ఇంట్లో అయితే ముచ్చట, లోయలో అయితే ప్రాణం మీదికి తెస్తుంది. ముఖ్యంగా పెద్దవాళ్లు పిల్లల సరదా చెడుతుందని ఛాతీలో బిగపట్టినట్టున్నా పైకి చెప్పరు. ‘నాకేం, నడుస్తా పద’ అంటారు.

అందుకే కారులో ఉండగానే మాటనుకోండి. ఎవరు ముందు ‘చాలు’ అన్నా, ఎందుకని అడక్కుండా అందరూ వెనక్కి తిరగాలి. తాగునీళ్లు మూడో వంతు అయిపోయినా సరే, తిరగాల్సిందే. ఈ ఏడాది మైలున్నర దగ్గరే ఆగిపోతే ఆ సంగతి రాసుకోండి. ఇంటికొచ్చి ఒళ్లునొప్పులు తగ్గాక వారం తిరక్కుండా మళ్లీ మెట్లెక్కండి. దిగే దెబ్బకి అలవాటుపడిన కండరం ఆ ఓర్పుని కొన్ని వారాలే నిలుపుకొంటుంది.