నల్లమల కావలివారు

కృష్ణానదికి ఇరుప్రక్కల వ్యాపించిన నల్లమల అడవులలో చెంచులు అనాదిగా నివసించుచున్నారు. వేట, తేనె, దుంపలు వారికి జీవనాధారములు. దుంపను త్రవ్వునపుడు చెంచు స్త్రీ తీగను సమూలముగా పెరికివేయదు. దుంపలో కొంత భాగమును మట్టిలోనే విడిచి గోతిని పూడ్చును. వానలు కురియగనే ఆ తీగ మరల చిగుర్చును. ఈ విద్యను వారికి ఏ పాఠశాలయు నేర్పలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేట నిషిద్ధమైనది. 1983లో ఈ అడవి పులుల అభయారణ్యమయ్యెను. 2014లో రాష్ట్రము విడిపోగా, కృష్ణకు ఉత్తరముననున్న భాగము అమ్రాబాద్ పేర తెలంగాణలో చేరినది. పులికి జనసంచారము లేని చోటు కావలెను. చెంచులకు అడవియే ఇల్లు. గూడెములను వెలుపలికి తరలింపవలెనను మాట పలుమారులు వినవచ్చినది.

చిత్రమేమనగా, పులిని కాపాడుటకు చెంచులే అక్కరకు వచ్చిరి. అటవీశాఖవారు వారిలో పలువురిని కావలివారుగా నియమించిరి. పులి నడచునపుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును. కావున దాని అడుగుజాడలో గోటిగుర్తు పడదు. దుమ్ములగొండి జాడలో పడును. ఇట్టి గుర్తులను చూచి, ఏ మృగము ఏ దిక్కునకు పోయినదో చెంచులు చెప్పగలరు. పుస్తకములు చదివిన మనకు అచ్చట బురద మాత్రమే కనబడును! వేటగాండ్రు పన్నిన ఉచ్చులను పసిగట్టుటకును, వేసవిలో కార్చిచ్చును ఆర్పుటకును వారే ముందుందురు.

ఇట్టివారిని అడవికి పరాయివారుగా చూచుట న్యాయము కాదని నా అభిప్రాయము. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము అడవిలో నివసించువారి హక్కులను గుర్తించినది. దాని ప్రకారము, అభయారణ్యములో సైతము గ్రామసభ సమ్మతి లేనిదే ఒక గూడెమును కదల్పరాదు.