బడి పంతులే... ఒలింపిక్ కోచ్!

ఉద్దానం తీరంలో సాయంత్రం పూట తడి ఇసుక మీద ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లను చూసే ఉంటారు. చెప్పులే గోల్‌పోస్టులు. వాళ్లలో టెక్కలిలో డిగ్రీ చదివేవాళ్లుంటారు, పలాసలో జీడిపప్పు పనికి వెళ్లేవాళ్లుంటారు. ఇరవై రెండేళ్లు దాటాయంటే ఇంట్లో ఒకటే మాట... ‘ఆడితే ఏటొస్తాదిరా?’

నిజం చెప్పాలంటే, ఆ వయసుకు పెద్ద క్లబ్బు పిలవకపోతే ఇక పిలవడం కష్టమే. అయితే ఆడేవాడి లెక్క వేరు, ఆడించేవాడి లెక్క వేరు. అనుమానముంటే హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కథ వినండి.

1909లో పుట్టిన రహీమ్ భారత్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బీఏ చదివి కాచిగూడ మిడిల్ స్కూల్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆయన కెరియర్‌కు అసలు మలుపు ఈ డిప్లొమానే.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది నుంచి వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ వాళ్లదే. ఎలా? ఆయన మైదానాన్ని తరగతి గదిలా నడిపారు. పిల్లాడికి ఏ లెక్క రాదో అదే మళ్లీ మళ్లీ చేయించే పంతులు పద్ధతి! కుర్రాళ్లు బంతిని అంటిపెట్టుకుని ఎక్కువసేపు ఆడుతుంటే, డ్రిబ్లింగ్ నిషేధిస్తూ ఓ టోర్నీ పెట్టారు. ఎడమ కాలు బలహీనంగా ఉందా, బలహీనమైన కాలితోనే ఆడే టోర్నీ పెట్టారు. సికింద్రాబాద్‌లో పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రాలేకపోతుంటే, సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి రప్పించారు. బస్సు ఛార్జీకి చూసుకుని మైదానం మానేసే కుర్రాళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. ఆ బలరాం తర్వాత ఒలింపియన్ అయ్యాడు.

అన్నీ గెలుపులే అనుకోకండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో చిత్తయ్యారు. చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అప్పుడూ కోచ్ రహీమే. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చింది. అందులో ఒక గోల్ కొట్టిన జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్. తలకు గాయమైతే, పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దించారు రహీమ్. అప్పటికే ఆయన్ను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఇక మన సంగతి. ఇంటర్ చదివినవాళ్లు డీపీఈడీకి, డిగ్రీ ఉన్నవాళ్లు బీపీఈడీకి ఏపీ పీఈసెట్ రాయాలి. ‘రాయాలి’ అనేది మాటవరసకే... ఇందులో పరుగు, షాట్‌పుట్, జంప్, మీ ఆటలో నైపుణ్యం చూస్తారు. ఫుట్‌బాల్ ఎంచుకోవచ్చు. రెండూ రెండేళ్ల కోర్సులే. డిగ్రీ ఉంటే మాత్రం బీపీఈడీ వైపే మొగ్గండి. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే పీఈటీలు 132 మాత్రమే. బీపీఈడీ వాళ్లకు దక్కే స్కూల్ అసిస్టెంట్ (వ్యాయామ విద్య) పోస్టులు అంతకంటే చాలా ఎక్కువ. డీఎస్సీ ఏటా రాదు, అదొక్కటే నమ్ముకోవద్దు. ప్రైవేటు బడులు, అకాడమీలకు కోచ్‌గా వెళ్లాలంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్‌తో మొదలుపెట్టి సి, బి, ఎ వరకు వెళ్లొచ్చు. పటియాలా ఎన్ఐఎస్‌లో ఏడాది డిప్లొమా ఇంకో దారి.

అన్నట్టు, వీరఘట్టం మనిషి కోడి రామ్మూర్తి నాయుడు కూడా సర్కస్ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడే.

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం మీ ఊరి పిల్లల్ని పోగేసి, గోల్ ఎడమ కాలితోనే కొట్టాలని రూలు పెట్టండి. ఎవరికి ఏది రావట్లేదో ఓ నోట్‌బుక్కులో రాసుకోండి.