డయాలిసిస్ రోగుల క్షీణతను గుర్తించుట

హైదరాబాదులో గోల్నాక నుండి అంబర్‌పేట మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటి తార్నాక చేరినచో జాతీయ పోషకాహార సంస్థ కనబడును. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి పరిశోధనకై చిన్న కేంద్రముగా వెలసిన ఈ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. మనము తినెడి ధాన్యములలో, పప్పులలో, కూరలలో ఏ పోషకము ఎంత కలదో లెక్కగట్టి 2017లో పట్టికలు వెలువరించినది ఈ సంస్థయే. ఇట్టి లెక్కలు డయాలిసిస్ చేయించుకొను రోగికి ప్రాణావసరములు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కవిటి, సోంపేట మొదలగు మండలములలో, మూత్రపిండముల జబ్బు విస్తారముగా నున్నదని పాఠకులెరుగుదురు. అందులకై పలాసలో 2023లో ప్రత్యేకాసుపత్రి ప్రారంభమైనది. ఇతర జిల్లాల పల్లెలనుండి కూడ వారమునకు రెండు మూడు మార్లు డయాలిసిస్ కేంద్రములకు పోవువారు కలరు.

యంత్రము నెత్తురును శుభ్రపరచును. కాని మలినములతోపాటు మాంసకృత్తుల అంశములను కూడ ప్రతి పర్యాయము కొన్ని గ్రాములు తీసికొనిపోవును. ఆకలి మందగించుట, రక్తమున ఆమ్లము పెరుగుట దీనికి తోడై కండ కరగును. ఇట్లు క్షీణించినవారు అంటురోగములకు సులభముగా లోబడుదురు. వారికి ప్రాణాపాయమును హెచ్చు.

దీనిని గుర్తించుటలో మనలను మోసగించునది త్రాసు. ఒక రోగి సంక్రాంతికి 50 కిలోలు తూగెననుకొందము. శ్రీరామనవమికిని 50 కిలోలే తూగెను. ఇంటివారు సంతసించిరి. కాని పాదములు ఉబ్బియున్నవి; అందు 3 కిలోలు నీరే. అతని నిజమైన బరువు 47. అనగా మూడు మాసములలో నూటికి 6 పాళ్లు తగ్గెను. ప్రయత్నింపకయే మూడు మాసములలో నూటికి 5, ఆరు మాసములలో 10 పాళ్లు తగ్గుట అపాయసూచన యని అంతర్జాతీయ నిపుణులు 2008లో నిర్ణయించిరి. అదనపు నీరు లేనప్పటి బరువును వైద్యులు పొడి బరువందురు. పాత పొడి బరువునే పట్టుకొని యంత్రము నడిపినచో, కరగిన కండ స్థానమున నీరు నిలిచిపోవును.

రక్తములో ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.8 గ్రాములకు తగ్గుట మరియొక గుర్తు. అయితే అంటురోగము వచ్చినను అది తగ్గును. కావున దానినొక్కదానినే నమ్మరాదు. భుజమునకు మోచేతికి నడుమ టేపుతో చుట్టుకొలత తీయుట, పిడికిలి పట్టును పరీక్షించుట మేలు. గాజులు వదులగుట, కణతలు లోనికి పోవుట ఇంటివారే చూడగలరు.

వేరొక పొరపాటు కలదు. డయాలిసిస్‌కు పూర్వము వైద్యులు పప్పు, గ్రుడ్లు తగ్గింపుమందురు. డయాలిసిస్ ఆరంభమైన పిదప ఆ మాట మారును. కిలో బరువునకు దినమునకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 50 కిలోల మనిషికి 50 నుండి 60 గ్రాములు. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాములుండును. పాత పథ్యమునే పట్టుకొని పెద్దలు రోగిని పస్తు పెట్టుట ఎంతయో విచారకరము. అరటిపండు, కొబ్బరినీరు మాత్రము పొటాసియము హెచ్చుగా గలవి గనుక వైద్యుని అడుగక ఈయరాదు. కొబ్బరి సీమయైన ఉద్దానమున ఈ మాట చెప్పుట కష్టమే!

పంచాయతీ సభ్యులు తమ గ్రామపు డయాలిసిస్ రోగుల యిండ్లకు నెలకొకమారు ఆశా కార్యకర్తను పంపి, డయాలిసిస్ ముగిసిన మరునాడు బరువు, చేతి కొలత, కాళ్ల వాపు ఒక పుస్తకమున వ్రాయింపవలెను. సూదులు గ్రుచ్చు చేతికి గాక రెండవ చేతికే టేపు చుట్టవలెను; ప్రతి నెలయు అదే చేయి. ఆ పుస్తకమును రోగి కేంద్రమునకు తీసికొనిపోయి వైద్యునకు చూపవలెను.